రికార్డు మీద సగం పేరు: రిచీ వాలెన్స్ కథ

చనిపోయేనాటికి అతనికి పదిహేడేళ్ళు. రికార్డింగ్ కంపెనీ గడప తొక్కినప్పటి నుంచి చావు దాకా లెక్కేస్తే ఎనిమిది, తొమ్మిది నెలలు. ఆ కొద్ది కాలంలో పాడిన పాటల్లో ఒకటి ఇప్పటికీ ప్రపంచమంతా తిరుగుతోంది. అతని అసలు పేరు రిచర్డ్ స్టీవెన్ వాలెన్జువేలా. రికార్డు మీద అచ్చయిన పేరు రిచీ వాలెన్స్. ఈ రెండు పేర్ల మధ్య కోసి పారేసిన ముక్క ఉంది చూశారా, నేను రాయదల్చుకున్నది ప్రధానంగా దాని గురించే.

అమెరికాలో లాటినో అస్తిత్వం గురించి, వలస గురించి, సినిమా గురించి మాట్లాడేటప్పుడు విశ్వవిద్యాలయాల్లో పెద్ద పెద్ద సిద్ధాంతాలు వాడతాం. ఈమధ్య లాటిన్ఎక్స్ అనే మాట కూడా వచ్చింది. ఆ మాట ఎవరి గురించి పుట్టిందో వాళ్ళలో చాలామంది దాన్ని వాడరు. ఆ చర్చలన్నీ ఉండనీయండి. ఒక కూలి వాడ కుర్రాడి చిన్న జీవితం ఆ చర్చలన్నిటికంటే తేటగా విషయం చెబుతుందని నాకు అనిపిస్తుంది.

లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరంగా సాన్ ఫెర్నాండో లోయ ఉంది. అందులో పకోయ్మా అనే పేట. 1941 మే 13న రిచర్డ్ పుట్టింది ఆ లోయ ప్రాంతంలోనే, పెరిగింది పకోయ్మాలో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ లోయంతా కొత్త ఇళ్ళతో నిండిపోయింది. అయితే ఆ ఇళ్ళలో చాలావాటి దస్తావేజుల్లోనే ఒక షరతు ఉండేది. తెల్లవాళ్ళు కాని వాళ్ళకు ఈ ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని తీర్పు చెప్పింది. తీర్పు కాగితం మీద, అలవాటు జనం మీద. బ్రోకర్లు, బ్యాంకులు పాత దారిలోనే నడిచారు. ఆ లోయలో మెక్సికన్లు, నల్లవాళ్ళు, జపనీయులు ఇల్లు కొనుక్కోగలిగిన అతికొద్ది చోట్లలో పకోయ్మా ఒకటి. ఊరు ఎక్కడుంటుందో, వాడ ఎక్కడుంటుందో తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే ఆ వాడలో ఒకే వీధిలో మెక్సికన్ ఇంట్లోంచి గిటారు, నల్లవాళ్ళ ఇంట్లోంచి బ్లూస్, మూల దుకాణం రేడియోలోంచి కంట్రీ పాట వినిపించేవి. రిచర్డ్ చెవి తయారైంది అక్కడే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మెక్సికన్లు అమెరికాకు వలస వచ్చారనే మాటలో సగం నిజమే ఉంది. 1848లో యుద్ధం ముగిశాక జరిగిన ఒప్పందంతో కాలిఫోర్నియాతో సహా మెక్సికో తన ఉత్తర భూభాగాన్నంతా అమెరికాకు వదులుకుంది. అప్పటికే అక్కడున్న వాళ్ళు ఎక్కడికీ కదల్లేదు, సరిహద్దే వాళ్ళని దాటుకుని వెళ్ళిపోయింది. తర్వాత తోటల్లో పనికి మనుషులు కావాల్సి వచ్చినప్పుడల్లా మెక్సికో నుంచి రప్పించారు, అవసరం తీరినప్పుడల్లా వెళ్ళగొట్టారు. 1930ల మాంద్యంలో లక్షల మందిని రైళ్ళెక్కించి పంపేశారు. వాళ్ళలో అమెరికాలోనే పుట్టిన పౌరులు కూడా చాలామంది ఉన్నారు. 1942లో యుద్ధం కోసం మగవాళ్ళు వెళ్ళిపోతే పొలాల్లో పనికి బ్రసేరో పథకం పెట్టి మళ్ళీ కూలీలను తెచ్చారు. అది 1964 దాకా నడిచింది. మధ్యలో 1954లో, ఒక చేత్తో కాంట్రాక్టులు రాస్తూనే మరో చేత్తో భారీ ఏరివేత మొదలుపెట్టారు. నది ఈది వచ్చిన వాళ్ళ తడిసిన వీపును వెక్కిరించే బూతు మాటనే ఆ ప్రభుత్వ కార్యక్రమానికి అధికారికంగా పేరు పెట్టారు. అప్పుడు రిచర్డ్‌కు పదమూడేళ్ళు. అమెరికా పౌరుడే. అయినా రోడ్డు మీద పోలీసు చూసేది ముఖాన్నే గానీ జనన ధ్రువపత్రాన్ని కాదు కదా.

తండ్రి స్టీవ్‌కు సంగీతమంటే ఇష్టం. కొడుక్కి గిటారు మీద ఆసక్తి కలిగించింది ఆయనే. రిచర్డ్‌కు పదేళ్ళప్పుడు ఆయన చనిపోయాడు. తల్లి కన్సెప్షియన్, ఇంట్లో పిలిచే పేరు కానీ, పిల్లలను సాకింది. ఆమె మొదటి సంబంధం ద్వారా పుట్టిన బాబ్ మొరేల్స్ రిచర్డ్‌కు అన్న. రిచర్డ్ ఎడమచేతి వాటం కుర్రాడు. అయినా కుడిచేతి వాళ్ళ కోసం చేసిన గిటారే దొరికింది గనుక దాని మీదే కుడిచేత్తో నేర్చుకున్నాడు. స్కూలుకు గిటారు పట్టుకెళ్ళి మధ్యాహ్నం భోజనం వేళ పిల్లల మధ్య కూర్చుని పాడేవాడు. నల్లజాతి గాయకుడు లిటిల్ రిచర్డ్ అంటే ప్రాణం. లోయలో అందరూ ఇతన్ని మా లిటిల్ రిచర్డ్ అని పిలుచుకునేవారు.

ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా ఇంగ్లీషు. అతనికి స్పానిష్ సరిగా రాదు. ఇది చాలామంది ఆశ్చర్యంగా చెబుతారు గానీ ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. అమెరికా నైరుతి రాష్ట్రాల్లో స్పానిష్ మాట్లాడినందుకు పిల్లల్ని బడిలో దండించడం మామూలు. కాలిఫోర్నియాలోనే ఆరెంజ్ కౌంటీలో మెక్సికన్ పిల్లలకు వేరే బడులు పెట్టేవారు. మెండెజ్ అనే కుటుంబం మరికొన్ని కుటుంబాలతో కలిసి కోర్టుకెళ్ళి 1947లో అప్పీలులో కూడా గెలిచాకగానీ అది ఆగలేదు. అలాంటి చోట తల్లిదండ్రులు పిల్లలకు దెబ్బలు తప్పించాలని మొదట వదిలేది భాషనే. ఒక తరంలో నోరు మూయిస్తే చాలు, తర్వాతి తరానికి ఆ నోరే ఉండదు.

1957 జనవరి 31న పకోయ్మా మీద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్నాయి. ఒకటి పరీక్ష కోసం ఎగిరిన డగ్లస్ డీసీ-7బి, రెండోది యుద్ధవిమానం. శకలాలు పకోయ్మా జూనియర్ హైస్కూలు ఆటస్థలంలో పడ్డాయి. ముగ్గురు పిల్లలు చనిపోయారు, డజన్ల మందికి గాయాలయ్యాయి. అది రిచర్డ్ చదివే బడే. ఆ రోజు తాతగారి అంత్యక్రియలకు వెళ్ళడం వల్ల అతను బడిలో లేడు. అప్పటి నుంచి విమానమంటే భయం పట్టుకుంది, పీడకలలు వచ్చేవి. విమానాల కర్మాగారాలు, రన్‌వేలు ఎవరి ఇళ్ళ పక్కన వస్తాయో, ఎవరి పిల్లల నెత్తిన శకలాలు పడతాయో గమనించమని మాత్రం పాఠకులను కోరుతున్నాను.

పదహారేళ్ళకే సిల్హూట్స్ అనే స్థానిక బృందంలో చేరాడు. అందులో మెక్సికన్లు, నల్లవాళ్ళు, ఒక జపనీస్ అమెరికన్ కలిసి వాయించేవారు. పకోయ్మా వీధి ఎలా ఉందో బ్యాండూ అలాగే ఉంది. 1958 మే నెలలో డెల్-ఫై రికార్డ్స్ అధిపతి బాబ్ కీన్ ఈ కుర్రాడి పేరు విని సాన్ ఫెర్నాండోలో ఒక సినిమా హాలుకొచ్చి అతని ప్రదర్శన చూశాడు. నచ్చింది. ఇంటికి పిలిపించి కింది అంతస్తులోని చిన్న స్టూడియోలో పాడించి, ఒప్పందం రాయించుకున్నాడు.

అప్పుడే పేరు మారింది. రిచీలు మార్కెట్లో ఎక్కువైపోయారని మధ్యలో ఒక అక్షరం చేర్చాడు కీన్. వాలెన్జువేలా అంటే వినగానే మెక్సికన్ అని తెలిసిపోతుంది, రేడియో స్టేషన్ల వాళ్ళు వినకుండానే రికార్డు పక్కన పెట్టేస్తారని ఇంటిపేరు తోక కోసేశాడు. మిగిలింది వాలెన్స్. అది ఇటాలియన్ కావచ్చు, ఫ్రెంచ్ కావచ్చు, ఏదైనా కావచ్చు. ఏదైనా కావచ్చు అనిపించడమే దాని ప్రయోజనం.

కీన్‌ను దుర్మార్గుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. అతను మార్కెట్ గురించి చెప్పింది అక్షరాలా నిజం. అదే అసలు సమస్య. హాలీవుడ్ అప్పటికే ఈ పనిలో ఆరితేరింది. మార్గరీటా కాన్సినో అనే నర్తకి జుట్టు రంగు మార్చి, నుదుటి మీది వెంట్రుకలను కరెంటు సూదులతో తీయించి, రీటా హేవర్త్‌గా తయారు చేశారు. ఆ తర్వాత రామోన్ ఎస్తేవెజ్ మార్టిన్ షీన్ అయ్యాడు, తేహాదా ఇంటి అమ్మాయి రాకెల్ వెల్చ్ అయింది. పేరు వదిలితే తెరమీద చోటు, పేరు ఉంచుకుంటే పనిమనిషి వేషమో దొంగ వేషమో.

ఈ చోట నా సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాది నగరంలో గది కోసం తిరిగాను. ఒక ఇంటి యజమాని అన్నీ మాట్లాడుకుని, అడ్వాన్సు ఎంతో తేల్చుకుని, చివర్లో తేలిగ్గా ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. ఏ ఊరు, ఊళ్ళో ఎటువైపు అని అడిగాడు. సాయంత్రానికి ఆ గది వాళ్ళ చుట్టాలెవరికో ఇచ్చేశామని ఫోనొచ్చింది. నా స్నేహితుడొకడు అప్పటికే ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకుని ఆ అక్షరం పెద్ద కులాల ఇంటిపేరుదేమో అనుకునేలా బతుకుతున్నాడు. వాడిని తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. పదిహేడేళ్ళ రిచీని తప్పు పట్టే ధైర్యం అంతకంటే లేదు.

మొదటి రికార్డు 'కమాన్, లెట్స్ గో' 1958 వేసవిలో వచ్చింది, బాగానే ఆడింది. రిచీ బడి మానేశాడు. రెండో రికార్డు ఒక వైపు 'డోనా', రెండో వైపు 'లా బాంబా'. డోనా హైస్కూల్లో పరిచయమైన తెల్లమ్మాయి పేరు. ఆ పాట బిల్‌బోర్డ్ జాబితాలో రెండో స్థానం దాకా వెళ్ళింది. 'లా బాంబా' ఇరవై రెండో స్థానంలో ఆగింది. కాలం మాత్రం ఆ రెండింటి స్థానాలూ తారుమారు చేసింది.

ఎందుకంటే 'లా బాంబా' ఒకరు రాసిన పాట కాదు. మెక్సికో తూర్పు తీరంలో వెరాక్రూజ్ రేవు ఉంది. స్పెయిన్ పాలకులు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల్ని దింపిన ముఖ్యమైన రేవుల్లో అదొకటి. అక్కడ ఆఫ్రికన్ల లయ, ఆదివాసుల గొంతు, స్పానిష్ తీగ వాద్యాలు కలిసి సోన్ హరోచో అనే సంగీతం పుట్టింది. చెక్కబల్ల మీద కాళ్ళతో తాళం వేస్తూ పెళ్ళిళ్ళలో ఆడి పాడే పాట ఇది. పాడేవాళ్ళు అప్పటికప్పుడు చరణాలు అల్లుకుంటూ పోతారు. మన పల్లెల్లో డప్పు దరువుకు మాట కట్టినట్టే. బాంబా అనే మాటకు మూలం మధ్య ఆఫ్రికాలో ఉందని కొందరు పరిశోధకులు అంటారు. 1940లలో వెరాక్రూజ్‌కు చెందిన మిగేల్ అలెమాన్ మెక్సికో అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఈ పాటను ప్రచారంలో వాడుకున్నాడు. దాంతో అది దేశమంతటికీ పాకింది. బానిసల కాళ్ళ కింద పుట్టిన పాట జాతీయ సంస్కృతి అయిపోయింది, పుట్టించిన వాళ్ళ రంగు మాత్రం జాతీయ చిత్రపటంలోకి రాలేదు. ఇలాంటి కథలు మనకూ తెలుసు.

రిచీ ఈ పాటను చిన్నప్పుడు ఇంట్లో, చుట్టాల వేడుకల్లో విన్నాడు. రికార్డింగ్‌కు ముందు ఒక పిన్ని దగ్గర కూర్చుని మాటలు పలకడం నేర్చుకున్నాడు. అర్థం పూర్తిగా తెలియకుండానే శబ్దాన్ని పట్టుకుని పాడాడు. హాలీవుడ్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన నల్లజాతి డ్రమ్మర్ ఎర్ల్ పామర్ దరువు వేశాడు. రెనీ హాల్, కరోల్ కే గిటార్లు పట్టారు. రెండు నిమిషాల పాట. మూడు తీగల వరస. ఆఫ్రికా నుంచి వెరాక్రూజ్‌కు వెళ్ళిన లయ, ఆఫ్రికా నుంచి న్యూ ఆర్లియన్స్‌కు వెళ్ళిన లయ ఆ స్టూడియోలో మళ్ళీ ఎదురుపడ్డాయి. మధ్యవర్తి స్పానిష్ రాని మెక్సికన్ కుర్రాడు.

కీన్ చెప్పుకున్న దాని ప్రకారం రిచీ మొదట ఈ పాట పాడటానికి వెనకాడాడు. ఇంటి పాటను రాక్ బాణీలోకి తెస్తే పెద్దల పాటను పాడు చేసినట్టవుతుందేమోనని సంకోచించాడు. పేరులో మెక్సికన్ తనాన్ని చెరిపేసిన మనిషే పాటలో దాన్ని బయటపెట్టమని అడిగాడన్నమాట. మార్కెట్‌కు అంతే. మనిషి వద్దు, రుచి కావాలి.

1958 డిసెంబరులో అతను తన పాత బడికి, విమాన శకలాలు పడిన ఆ పకోయ్మా జూనియర్ హైస్కూలుకే తిరిగొచ్చి పిల్లల ముందు కచేరీ చేశాడు. అది రికార్డయింది కూడా. పేరున్న స్టూడియోల్లో చేసిన పాటలకంటే నాకు ఈ కచేరీయే ఎక్కువ ఇష్టం. అందులో పిల్లల కేకలు వినిపిస్తాయి. తమ వీధి వాడు గెలిచొచ్చాడన్న కేకలవి. వచ్చిన డబ్బుతో తల్లికి ఇల్లు కొన్నాడు.

1959 జనవరి చివర్లో బడీ హాలీ, బిగ్ బాపర్‌గా పేరున్న జె.పి. రిచర్డ్‌సన్, డియాన్ బృందంతో కలిసి మధ్య పశ్చిమ రాష్ట్రాల పర్యటనకు బయల్దేరాడు. సున్నాకు ఎంతో కిందికి పడిపోయిన చలి. బస్సులు దారిలో ఆగిపోయేవి, హీటర్లు పనిచేసేవి కావు. డ్రమ్మర్ కాళ్ళు మంచుకు దెబ్బతిని ఆస్పత్రి పాలయ్యాడు. ఫిబ్రవరి 2న అయోవాలోని క్లియర్ లేక్‌లో ప్రదర్శన అయ్యాక హాలీ ఒక చిన్న విమానం మాట్లాడాడు. మనిషికి 36 డాలర్లు. రిచీకి జలుబు చేసింది. విమానం భయం ఉన్నా మళ్ళీ ఆ బస్సెక్కే ఓపిక లేదు. గిటారిస్టు టామీ ఆల్సప్‌తో సీటు కోసం నాణెం ఎగరేశారు. రిచీ గెలిచాడు. అర్ధరాత్రి దాటాక బయల్దేరిన విమానం కొన్ని మైళ్ళ దూరంలోనే మొక్కజొన్న చేలో కూలింది. ఇరవై ఒక్కేళ్ళ పైలట్ రోజర్ పీటర్సన్‌తో సహా నలుగురూ చనిపోయారు. తెల్లారి మంచులో శిథిలాలు కనిపించేదాకా ఎవరికీ తెలియలేదు.

తర్వాత పాతికేళ్ళూ రిచీ ఒక జాబితాలో మూడో పేరు. 1971లో డాన్ మెక్‌లీన్ 'అమెరికన్ పై' రాశాక ఆ రోజు సంగీతం చచ్చిపోయిన రోజుగా స్థిరపడింది. తెల్ల రాక్ చరిత్రకారులు హాలీ గురించి పేజీలు రాసి రిచీకి ఒక వాక్యం ఇచ్చేవారు. 1961లో హాలీవుడ్ ప్యూర్టోరికో వలసల మీద 'వెస్ట్ సైడ్ స్టోరీ' తీసింది. నాయిక మరియా పాత్ర నటాలీ వుడ్‌కు ఇచ్చింది. అందులో నిజమైన ప్యూర్టోరికన్ రీటా మొరేనోకు కూడా ఒళ్ళు ఇంకా నల్లగా కనిపించేలా రంగు పూశారు. లాటినోలు ఎలా ఉండాలో వాళ్ళకంటే స్టూడియోకే బాగా తెలుసని అర్థం.

అయితే వాడల్లో రిచీ బతికే ఉన్నాడు. మిషిగన్‌కు పొలం పనులకు వలస వెళ్ళిన మెక్సికన్ కుటుంబాల పిల్లలు క్వశ్చన్ మార్క్ అండ్ ది మిస్టీరియన్స్ పేరుతో 1966లో దేశంలో మొదటి స్థానానికి వెళ్ళారు. తూర్పు లాస్ ఏంజెలెస్ నిండా గరాజ్ బ్యాండ్లు వెలిశాయి. అదే కాలంలో 1965లో డెలానోలో ద్రాక్ష తోటల సమ్మె, 1968లో బడి పిల్లల వాకౌట్లు, 1970లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా చికానో మొరటోరియం వచ్చాయి. చికానో ఒకప్పుడు తిట్టు. తక్కువ రకం మెక్సికన్ అని. ఉద్యమకారులు ఆ తిట్టునే జెండా చేశారు. 1994లో ఈదుముడిలో దండోరా మొదలయ్యాక దాచుకున్న కులం పేరునే మనవాళ్ళు పేరు చివర సగర్వంగా తగిలించుకున్న సంగతి గుర్తొస్తుంది. రిచీ వాళ్ళందరికంటే ముందే చనిపోయాడు. అతను ఉద్యమకారుడు కాదు, అతన్ని అలా చిత్రించడం మోసం. అతను డబ్బు, పేరు, అమ్మకో ఇల్లు, ప్రేమించిన అమ్మాయి కావాలనుకున్న మామూలు కుర్రాడు. వాడ పిల్లలకు మామూలు కోరికలు కోరే హక్కు ఉంటుందని ఒప్పుకోని వాళ్ళే వాళ్ళను వీరులుగానో నేరస్తులుగానో మాత్రమే చూస్తారు.

అతన్ని మళ్ళీ జనం ముందుకు తెచ్చింది లూయీ వాల్దేజ్. డెలానోలో వలస వ్యవసాయ కూలీల ఇంట పుట్టినవాడు. 1965 సమ్మెలో ట్రక్కుల మీద నిలబడి కూలీల చేత కూలీల కోసం నాటకాలు వేయించిన ఎల్ తియాత్రో కాంపెసీనో స్థాపకుడు. అతను రాసి, దర్శకత్వం వహించిన 'లా బాంబా' సినిమా 1987 జూలైలో విడుదలైంది. కథ తోట కూలీల క్యాంపులో మొదలవుతుంది. గుడారాలు, దుమ్ము, తల్లి చేతుల్లో పళ్ళ పెట్టెలు. ఆ క్యాంపులో రిచీ బాల్యం ఎంత ఉందో వాల్దేజ్ బాల్యమూ అంత ఉంది. సినిమా కొన్ని కల్పించింది. రిచీ ఆ పాటను సరిహద్దు దాటి తిహువానాలో మొదటిసారి విన్నట్టు చూపించింది. పాట రికార్డు చేద్దామని రిచీయే పట్టుబట్టినట్టు, కీన్ సందేహించినట్టు తిప్పి చూపించింది. చరిత్ర దృష్టితో ఇవి తప్పులే. కానీ 1958లో సంకోచించిన కుర్రాడి చేత 1987లో ధైర్యంగా అడిగించడం వెనక ఇరవై ఏళ్ళ చికానో ఉద్యమం ఉంది.

సినిమాకు నిజమైన బరువు అన్న బాబ్ పాత్ర దగ్గర ఉంది. తాగుబోతు, జైలుకెళ్ళొచ్చినవాడు, తమ్ముడి మీద ప్రేమా అసూయా రెండూ మోస్తాడు. ఒకే ఇంట్లో ఒకడికి తలుపు తెరుచుకుంది, ఇంకొకడికి తెరుచుకోలేదు. మన ఇళ్ళలో చదువుకుని వెళ్ళిపోయిన వాళ్ళు, మిగిలిపోయిన అన్నల ముఖం చూడలేని పండగ పూటలు ఎన్ని లేవు.

రిచీగా నటించిన లూ డైమండ్ ఫిలిప్స్ తల్లి ఫిలిప్పీన్స్ మూలాలున్న మనిషి, బాబ్‌గా నటించిన ఇసాయ్ మొరాలెస్ ప్యూర్టోరికన్ కుటుంబం వాడు. మెక్సికన్ పాత్రలకు మెక్సికన్ నటులే దొరకలేదా అని అడగొచ్చు, అడగాలి కూడా. అయితే డెలానో సమ్మెను మొదలుపెట్టింది ఫిలిప్పీనో కూలీలు, వారం తర్వాత కలిసింది మెక్సికన్లు. ఆ సంగతి వాల్దేజ్‌కు తెలియనిది కాదు. ప్రాతినిధ్యం లెక్కల్లో ఈ రెండు నిజాలనూ ఎలా సర్దాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

పాటలు పాడింది తూర్పు లాస్ ఏంజెలెస్ బృందం లోస్ లోబోస్. వాళ్ళ 'లా బాంబా' బిల్‌బోర్డ్ మొదటి స్థానంలో మూడు వారాలు ఉంది. పూర్తిగా స్పానిష్ పాట. సరిగ్గా ముందు సంవత్సరం, 1986 నవంబరులో, కాలిఫోర్నియా ఓటర్లు ఇంగ్లీషునే రాష్ట్ర అధికార భాషగా ప్రకటించే ప్రతిపాదనను భారీ మెజారిటీతో గెలిపించారు. ఆ ఓటేసిన వాళ్ళ కార్ల రేడియోల్లోనూ మరుసటి వేసవిలో ఈ పాటే మోగి ఉంటుంది. మనిషి వద్దు, రుచి కావాలి అన్నది అప్పటికీ మారలేదని నేను అంటే కొందరు మిత్రులు ఒప్పుకోరు. పాట చివర్లో లోస్ లోబోస్ రాక్‌ను ఆపేసి వెరాక్రూజ్ తీగలతో పాత సోన్ హరోచో వాయిస్తారు. రిచీ రెండు నిమిషాల్లో చెప్పలేకపోయిన మూలాన్ని వాళ్ళు పేరు పెట్టి పిలిచారని ఆ మిత్రుల వాదన. అందులో నిజం ఉంది.

2017లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో 'లా బాంబా'కు చోటు దక్కింది. 2020 జనాభా లెక్కల్లో లాటినోలు దాదాపు 19 శాతం. 2021లో వచ్చిన కొత్త 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో స్పానిష్ మాటలకు సబ్‌టైటిల్స్ వేయలేదు. అదే ఏడాది వచ్చిన 'ఇన్ ది హైట్స్'లో ముఖ్య పాత్రలకు నల్ల రంగు లాటినోలు ఏరని ఆ సమాజం లోపలి నుంచే నిలదీశారు. వెరాక్రూజ్‌లో మాయమైన రంగు గురించిన ప్రశ్నే మళ్ళీ న్యూయార్క్‌లో లేచింది.

తల్లి సంగతి చెప్పాలి. కొడుకు పాటలు ప్రపంచమంతా అమ్ముడుపోయినా ఆమె చేతికి అందాల్సిన రాయల్టీలు సరిగా అందలేదు. 1975లో బ్రిటిష్ బృందం లెడ్ జెప్లిన్ రిచీ పాటొకదాని ఆధారంగా ఒక పాట చేసి, గీత రచయితల జాబితాలో ఆమెనూ చేర్చింది. అచ్చు వేసిన పేరు మిసెస్ వాలెన్స్. ఆమె రేయెస్ ఇంటి ఆడపడుచు, వాలెన్జువేలా ఇంటి కోడలు. వాలెన్స్ అనే పేరు ఆమెకు ఏనాడూ లేదు.

వాల్దేజ్ సినిమాలో మొదట్లో ఒక ఇంటి విందు దృశ్యం ఉంది. రిచీ గిటారు పట్టుకుని కూర్చుంటాడు. పక్కన ఒక పెద్దావిడ ఉంటుంది. ఆమె కానీ వాలెన్జువేలాయే. సినిమా విడుదలైన ఏడాదే, 1987 అక్టోబరులో, ఆమె చనిపోయింది. సాన్ ఫెర్నాండో మిషన్ శ్మశానంలో కొడుకు పక్కనే సమాధి చేశారు.